మూడువందల నాలుగు డిగ్రీల కాఫీ

తిరుపతి,
18 నవంబరు 2002

స్టెల్లక్కకు మునిచంద్ర నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని కాలేజీ సంచిలో హాజరుపట్టీల మధ్య దోపి పంపుతున్నాను. మీ చిత్తూరు బ్రాంచిలో ఉన్న ఒకే ఒక్క ఫోను ప్రిన్సిపాల్ కుప్పయ్య గారి బల్ల మీద ఉంటుంది. మనం మాట్లాడినంతసేపూ ఆయన గొంతు సవరించుకుంటూ కూర్చుంటాడు. అటెండరు గురప్ప ఎలాగూ రోజూ బస్సులో సంచి మోస్తున్నాడు, మనకు ఉత్తరాలే సుఖం.

సంగతేమంటే, ఈ ఏడాది నుంచి మన కైలాసకోన కాలేజీ సొంతంగా సిలబస్ వేసుకోవచ్చు, సొంతంగా పరీక్ష పెట్టుకోవచ్చు. తిరుపతి క్యాంపస్ విభాగాధిపతిగా ఆ భారం నా నెత్తిన పడింది. బి.ఎస్సీ. చివరి ఏడు కెమిస్ట్రీలో హరిత రసాయన శాస్త్రం అని కొత్త యూనిట్ పెట్టాను. అందులో సూపర్‌క్రిటికల్ ద్రవాలే ముఖ్యం. కార్బన్ డైఆక్సైడ్‌ను సందిగ్ధ ఉష్ణోగ్రత అనే ఒక హద్దు దాటి వేడిచేసి, ఒక హద్దు దాటి ఒత్తితే అది గాలీ కాదు, నీళ్ళూ కాదు. రెండింటి గుణమూ ఉన్న మరో స్థితి. విషపు ద్రావణాలేవీ వాడకుండా దానితోనే కాఫీగింజల్లోంచి కెఫీన్ లాగేస్తారు. మనం ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో దీని గురించి ఒక్క పేరా లేదు. నువ్వు నాకంటే ఒక ఏడాది సీనియర్‌వి, నీకు అరపేరా కూడా ఉండి ఉండదు.

దీని మీద ఇరవై రెండు పేజీల గైడ్ రాశాను. పదకొండు రోజుల్లో. చైర్మన్ పరంధామయ్య గారు అచ్చు వేయించారు. మీ క్లాసు నలభై ఒక్కమందికీ ప్రతులు పంపుతున్నాను. జనవరిలో తనిఖీ కమిటీ వస్తోంది. ఇక్కడ లేబుకు ఆకుపచ్చ రంగు వేయిస్తున్నాం, కిటికీలకు పూలకుండీలు కూడా. ఒక్కటే మనవి. గైడ్‌లో ఉన్నదే చెప్పు, దాటి పోవద్దు. నీకు దాటే అలవాటు ఉందని నాకు తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను.

నీ తమ్ముడు,
మునిచంద్ర

చిత్తూరు,
2 డిసెంబరు 2002

తమ్ముడు మునిచంద్రకు,

గైడ్లు అందాయి. అట్ట మీద నీ ఫొటో బాగుంది. వెనకాల నిలబెట్టిన పరీక్షనాళికలన్నీ ఖాళీగా ఉన్నాయి కానీ, ఎవరూ అంతగా చూడరులే.

ఆకుపచ్చ రంగు సంగతి చదివి స్టాఫ్‌రూంలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పదహారేళ్ళుగా మన లేబుల్లో కడిగిన ఆమ్లాలన్నీ ఎక్కడికి పోతున్నాయో నీకు తెలియదా? ఇక్కడైతే సింకు గొట్టం కిటికీ వెనక కాలువలోకి, కాలువ నీవా నదిలోకి. గోడకు రంగు మార్చడంకంటే గొట్టానికి దారి మార్చి ఉంటే అది హరిత రసాయన శాస్త్రం అయ్యేది. కుండీలో మొక్క పెట్టి, దానికి లేబు నీళ్ళు పోసి చూడు. కమిటీ వచ్చేదాకా బతికితే నాకు రాయి.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు చెప్పినట్టే గైడ్ చేతిలో పట్టుకుని క్లాసుకు పోయాను. పద్నాలుగో పేజీ గట్టిగా చదివాను. "కార్బన్ డైఆక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత 304 డిగ్రీల సెంటీగ్రేడ్, సందిగ్ధ పీడనం 73 అట్మాస్ఫియర్లు." నేనే చదివాను, బోర్డు మీద రాశాను, పిల్లలు రాసుకున్నారు. నాకు ఏమీ తట్టలేదు.

తరువాత కాఫీ గురించి చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు, "సారమంతా తీసేసినాక ఆ కాఫీ తాగేదెందుకు మేడమ్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవీన మాత్రం నవ్వలేదు. మొదటి బెంచీ అమ్మాయి. తల్లి దేవకమ్మకు కాణిపాకం బస్టాండు దగ్గర కాఫీ అంగడి ఉంది. ఆ పిల్ల లేచి నిలబడి అడిగింది.

"మేడమ్, మా యంగట్లో గింజలు ఏయించేది నేనే. రవ్వంత మంట ఎక్కువైతే మాడిపోతాయి. మున్నూట నాలుగు డిగ్రీలంటే గింజ బొగ్గయి ఉంటాది గదా. బొగ్గులోనించి ఏం తీస్తారు మేడమ్?"

నేను బోర్డు వైపు తిరిగి చూశాను. మునిచంద్రా, నాకు చెవులు వేడెక్కాయి. 304 కెల్విన్లు అది. సెంటీగ్రేడ్‌లో ముప్పై ఒకటి. ఈ వాయువుతో పని తేలికగా జరిగేదే ఆ ముప్పై ఒకటి వల్ల. పదహారేళ్ళు పాఠం చెప్పిన నేను చదివేశాను, పదకొండు రోజుల్లో పుస్తకం రాసిన నువ్వు రాసేశావు, కాఫీ వేయించే పిల్ల పట్టుకుంది. పిల్లలందరి చేతా దిద్దించాను. నువ్వు కూడా ఒక తప్పొప్పుల చీటీ అచ్చు వేయించి అతికించు. అరగంట పని.

అక్క,
స్టెల్లా

తిరుపతి,
9 డిసెంబరు 2002

స్టెల్లక్కకు,

నువ్వన్నది నిజమే. 304 కెల్విన్లు. ప్రెస్ వాళ్ళ మీద తోసేయాలని చూశాను. రాతప్రతి తీసి చూస్తే నా చేతిరాతలోనే సెంటీగ్రేడ్ అని ఉంది. తప్పు నాదే.

కానీ చీటీ వేయడం కుదరదు. కారణం వింటే నవ్వుతావు, నవ్వుకో. పరంధామయ్య గారు మొదటి ప్రతిని పసుపు గుడ్డలో చుట్టి, కొండకు తీసుకుపోయి, పూజ చేయించుకుని తెచ్చారు. చీటీ మాట ఎత్తగానే ఆయన, "స్వామి దగ్గర పెట్టి తెచ్చిన పుస్తకమయ్యా అది. దాంట్లో తప్పుండాదని కాగితం అతికిస్తావా? ఎవరి తప్పు పట్టినట్టు అయితాదో ఆలోచించినావా?" అన్నాడు. నా విభాగాధిపతి పదవి ఇంకా తాత్కాలికమే. కమిటీ వచ్చి పోతే ఖాయం చేస్తానన్నాడు.

రెండో ముద్రణలో దిద్దుతాను. అందాకా ఆ ప్రశ్న పరీక్షలో రాదు. పేపరు తయారు చేసేది నేనే, నా మాట నమ్ము. ఈ విషయం మన ఇద్దరి మధ్యే ఉండనీ అక్కా.

మునిచంద్ర

చిత్తూరు,
7 జనవరి 2003

మునిచంద్రకు,

క్రిస్మస్ సెలవుల్లో నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ స్వామికి ఆ తప్పు కనబడే ఉంటుంది. నీ మొహం చూసి ఊరుకుని ఉంటాడు. నిన్ను ఎమ్మెస్సీలో చూసినప్పటి నుంచి నేను చేస్తున్నదీ అదే.

నువ్వు మాట ఇచ్చావు కాబట్టి చీటీ సంగతి వదిలేశాను. కానీ పిల్లలకు ఒకటి చూపించాను. నీ గైడ్‌లో లేదు. దాటాను.

మా వరండాలో గోడకు మంటలార్పే సిలిండరు ఉంది కదా, లోపల కార్బన్ డైఆక్సైడే. పోయినవారం పొద్దున ఏడున్నరకు ప్రాక్టికల్స్ పెట్టాను. పిల్లలు స్వెట్టర్లు వేసుకుని, తలకు మఫ్లర్లు చుట్టుకుని వచ్చారు. థర్మామీటరు పద్దెనిమిది చూపించింది. సిలిండరు దించి, ఒక్కొక్కరి చేత మెల్లగా ఊపించి చెవి పెట్టి వినమన్నాను. లోపల నీళ్ళు తొణికిన చప్పుడు. పద్దెనిమిది డిగ్రీల దగ్గర అది కొంత ద్రవం, పైన కొంత వాయువు. నవీన రెండుసార్లు విన్నది. "ఎండాకాలం మల్లా ఊపుదాం మేడమ్. ముప్పై ఒకటి నిజమైతే అప్పుడు చప్పుడు ఉండకూడదు," అంది. ఇదేమీ గట్టి రుజువు కాదని చెప్పాను. వేడికి ద్రవం ఉబ్బి సిలిండరు నిండినా చప్పుడు పోతుంది. అయినా ఒక వాయువు గుణం చెవితో వినడం వాళ్ళకు అదే మొదటిసారి. పరికరాలు లేని కాలేజీకి అంతకంటే ఏం కావాలి?

కుప్పయ్య గారు వచ్చి, "ఏంది మేడమ్, గ్యాసు బండ పట్టుకోని ఆటలా?" అని అడిగి, తనూ ఒకసారి ఊపి, చెవి పెట్టి విని వెళ్ళిపోయాడు.

నవీన ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు చదువుతోంది. వాళ్ళింట్లో పదోతరగతి దాటిన మొదటి మనిషి. ఆ పిల్ల పేరు గుర్తుపెట్టుకో.

స్టెల్లా

తిరుపతి,
3 ఫిబ్రవరి 2003

స్టెల్లా మేడమ్‌కు,

కమిటీ వచ్చి వెళ్ళింది. లేబు రంగు చాలా నచ్చింది. కుండీల్లో చనిపోయినవి ఆరు, వాటిని ముందు రోజే మార్చాం. సభ్యుల్లో ఒకాయన గైడ్ తిరగేసి, కాగితం నాణ్యత బాగుందన్నాడు. మన కాలేజీకి మంచి గ్రేడ్ వచ్చింది. నా పదవి ఖాయమైంది.

సిలిండరు విషయం కుప్పయ్య గారి నెలవారీ నివేదికలో చైర్మన్ గారి దాకా వచ్చింది. భద్రతా సామగ్రిని బోధనకు వాడరాదని ఆయన చెప్పమన్నారు, చెబుతున్నాను.

ఇంకొకటి. మీ పిల్లలను పరీక్షలో గైడ్‌లో ఉన్నది ఉన్నట్టే రాయమనండి. ఎందుకని అడగొద్దు.

మునిచంద్ర

చిత్తూరు,
16 ఏప్రిల్ 2003

మునిచంద్రకు,

'అక్క'ను 'మేడమ్' చేసినప్పుడే నాకు అర్థమై ఉండాలి.

నిన్న పేపరు వచ్చింది. మొదటి ప్రశ్నే, పది మార్కులు: "కార్బన్ డైఆక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత, పీడనాలను తెలిపి, కాఫీగింజల నుంచి కెఫీన్‌ను వేరుచేయుటలో వాటి ప్రాముఖ్యమును వివరింపుము." రాదని నాకు మాట ఇచ్చిన ప్రశ్న.

నీ ఫిబ్రవరి హెచ్చరికను నేను పిల్లలకు చెప్పలేదు. చెప్పే నోరు రాలేదు. నేనే చెరిపించిన అంకెను మళ్ళీ నేనే రాయించాలా? అందరూ ముప్పై ఒకటి రాశారు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరూ నాకు చెప్పారు, "గైడ్‌లో ఉండేదే రాసినాము మేడమ్, ఎందుకైనా మంచిదని." వాళ్ళు బాగుపడతారు.

పరీక్ష అయ్యాక మధ్యాహ్నం రెండు గంటలకు నవీన వరండాలో సిలిండరు దగ్గర నిలబడింది. చైర్మన్ గారి ఆజ్ఞ నాకు గుర్తుంది. గుర్తుండగానే దించాను. థర్మామీటరు ముప్పై తొమ్మిది. ఊపాం. చప్పుడు లేదు. నవీన చెవి తీయకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. బడిలో బహుమతి వచ్చిన పిల్లలా నవ్వింది. అంత సంతోషంగా ఆ పిల్లను ఈ మూడేళ్ళలో నేను చూడలేదు.

ఇప్పుడు నాకు ఒక్క సంగతి చెప్పు. నువ్వు రాసిన జవాబుల కీలో ఎంత ఉంది?

స్టెల్లా

కైలాసకోన కళాశాల, రసాయన శాస్త్ర విభాగం,
తిరుపతి,
12 జూన్ 2003

శ్రీమతి స్టెల్లా గారికి, ఉపన్యాసకురాలు, చిత్తూరు బ్రాంచి.

విషయం: సంజాయిషీ కోరుట.

మొన్న వెలువడిన ఫలితాలలో మీ బ్రాంచి నుండి పరీక్ష రాసిన నలభై ఒక్కమందిలో పంతొమ్మిదిమంది రసాయన శాస్త్రంలో ఉత్తీర్ణులు కాలేదు. ముప్పై తొమ్మిదిమంది మొదటి ప్రశ్నకు ఆమోదిత గ్రంథమునకు విరుద్ధమైన విలువను రాసి, ఆ ప్రశ్నకు కేటాయించిన పది మార్కులను పూర్తిగా కోల్పోయినట్లు మూల్యాంకన శిబిరము గుర్తించినది. ఆమోదిత గ్రంథమును కాదని బోధించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో వారం రోజులలోపు లిఖితపూర్వకముగా తెలుపగలరు.

విభాగాధిపతి

చిత్తూరు,
16 జూన్ 2003

గౌరవనీయులైన విభాగాధిపతి గారి సముఖమునకు చిత్తూరు బ్రాంచి ఉపన్యాసకురాలు స్టెల్లా సవినయముగా సమర్పించుకొను సంజాయిషీ.

తమ తాఖీదు చేరినది. ఈ వ్యవహారములో తప్పంతయు కార్బన్ డైఆక్సైడ్‌దేనని మనవి. సదరు వాయువు మన కళాశాల ఆమోదిత గ్రంథమును చదువలేదు. ముప్పై ఒక డిగ్రీల వద్దనే తన స్థితిని మార్చుకొనుచున్నది. చైర్మన్ గారి అనుమతి కోసమైనను ఆగుట లేదు. దానికి కూడా ఒక తాఖీదు పంపవలసినదిగా ప్రార్థన. చిరునామా: వరండా, స్టాఫ్‌రూం పక్క గోడ, చిత్తూరు.

అలాగే మూడువందల నాలుగు డిగ్రీల వద్ద తయారైన కాఫీని మూల్యాంకన శిబిరములోని పెద్దలందరికీ ఒక్కొక్క గ్లాసు ఇప్పించవలసినదిగా మనవి. తాగి బతికినవారు నాపై చర్య తీసుకొందురుగాక.

భవదీయురాలు,
స్టెల్లా

ఇది రెండో కాగితం. దీన్ని ఫైల్లో పెట్టకు.

మునిచంద్రా, పై కాగితం రాస్తున్నప్పుడు నవ్వు వచ్చింది. ఇది రాస్తుంటే రావడం లేదు.

నవీన మూడు మార్కుల్లో తప్పింది. ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఈ నెల 27న, శుక్రవారం, తిరుపతిలో కౌన్సెలింగ్. డిగ్రీ మార్కుల మెమో లేకపోతే సీటు లేదు. మళ్ళీ పరీక్ష అక్టోబరులో. దేవకమ్మ మొన్న స్టాఫ్‌రూంకు వచ్చింది, చేతిలో కాఫీపొడి పొట్లం. "మేడమ్, పాప తప్పు రాసినాదా?" అని అడిగింది. లేదమ్మా, సరిగ్గా రాసింది అన్నాను. "మరి సున్నా ఎట్ల వచ్చినాది?" అంది. ఆ పొట్లం అలాగే నా బల్ల మీద ఉంది. తాకలేదు.

ఈ కాగితంతో పాటు మరో కాగితం జత చేశాను. డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం, "తప్పు నాదే" అన్నది. ఫలితాలు వచ్చినప్పటి నుంచి దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. చైర్మన్‌కు పంపాలా, పేపరువాళ్ళకు ఇవ్వాలా, జిరాక్సు తీసి నోటీసు బోర్డుకు అంటించాలా అని. నిన్న జిరాక్సు అంగడి మెట్ల దాకా పోయాను కూడా. అది నా దగ్గర ఉంటే వాడేస్తాను. నువ్వు నన్ను నమ్మి రాసిన మాటతో నిన్ను కొట్టడం నాకు ఇష్టం లేదు. అలాగని నీ మీద కోపం పోలేదు, చాలా ఉంది. అందుకే అసలు కాగితాన్నే నీకు పంపేస్తున్నాను. నకలు తీయలేదు. చించేస్తావో, చదువుకుంటావో నీ ఇష్టం. 27న శుక్రవారం అని మాత్రం మరిచిపోకు.

స్టెల్లా

తిరుపతి,
26 జూన్ 2003

స్టెల్లక్కకు,

ఈ ఉత్తరంతో పాటు గురప్ప చేతికి నవీన మార్కుల మెమో ఇచ్చి పంపుతున్నాను. సంచిలో వేయొద్దు, చొక్కా లోపల పెట్టుకో అని చెప్పాను. నీకు ఇచ్చి సంతకం తీసుకుంటాడు. ఆ పిల్ల పాసైంది.

జరిగింది వరసగా రాస్తాను. నా ఉత్తరం తిరిగి వచ్చిన రోజు ముందు నాకు ప్రాణం లేచి వచ్చింది. అబద్ధం చెప్పను. అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నాను. అప్పుడు అనిపించింది, నువ్వు చెప్పిన చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు కదా అని. పుస్తకం రాసినవాడిని, ఒక్కసారి కూడా చూడలేదు. మా వరండాలో సిలిండరుకు కూడా కమిటీ కోసం ఆకుపచ్చ రంగు వేయించాం. మధ్యాహ్నం పన్నెండుకు దాన్ని దించి ఊపాను. చప్పుడు లేదు. ముప్పై ఒకటే నిజం అని ఒళ్ళు పులకరించింది. గురప్ప పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"దాంట్లో ఏమీ లేదు సార్," అన్నాడు. "నాలుగేండ్ల కింద స్టోరు రూంలో అట్టపెట్టెలు అంటుకుంటే నేనే గ్యాసంతా కొట్టేసినాను. మల్లా నింపిందెవురు? ఎప్పుడు ఊపినా అంతే."

అక్కా, ఖాళీ సిలిండరుకు పచ్చరంగు వేసి, కమిటీకి చూపించి, మెప్పు పొందినవాడిని నేను. మూలన స్టూలు మీద కూర్చుండిపోయాను. సిగ్గుతో నాకు ఏడుపు వచ్చింది. గురప్ప మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నీకు చెప్పనివి రెండున్నాయి. పేపరులో మొదటి ప్రశ్న గైడ్‌లోని ఈ కాఫీ సంగతే కావాలని జనవరిలోనే చైర్మన్ గారు పట్టుబట్టారు. పూజ చేయించిన పుస్తకం కదా. కాదనలేక పెట్టాను. మీ పిల్లలు గైడ్‌లోది రాస్తే గండం గడిచిపోతుంది అనుకుని ఆ హెచ్చరిక రాశాను. రెండోది, కీ రాసేటప్పుడు మొదట 31 అనే రాశాను. రాసి కొట్టేశాను. నీకు పంపిన తాఖీదు కూడా నేనే రాసుకున్నాను, ఎవరూ రాయమనలేదు. నా తప్పు నీ మీదికి జరిగిపోతే బాగుండునని అనిపించింది.

సోమవారం నా డిసెంబరు ఉత్తరాన్ని పరంధామయ్య గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "దీన్ని నువ్వే తెచ్చి నాకిస్తే ఎట్లబ్బా? తెలివైనోడివనుకున్నానే," అన్నాడు. పేపర్లకు ఎక్కుతుందని భయపడి మర్నాడే ఆజ్ఞ వేశాడు. ఎలా వేశాడో చూడు: యాజమాన్యం దయతలచి, 304 రాసినవారికీ 31 రాసినవారికీ సమానంగా పూర్తి మార్కులు. తప్పు అనే మాట ఎక్కడా లేదు. పుస్తకం పుస్తకంలాగే ఉంది.

నన్ను విభాగాధిపతిగా తీసేశారు. సోమవారం, 30వ తేదీ నుంచి చిత్తూరు బ్రాంచిలో ఉపన్యాసకుడిని. నీ కిందే పని. నీ సంజాయిషీని స్టాఫ్‌రూంలో అందరూ చదివారు. కాఫీ గ్లాసు దగ్గరికి రాగానే అందరూ నావైపు చూస్తున్నారు.

నన్ను క్షమించమని అడగను. రావొచ్చా అని మాత్రం అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
మునిచంద్ర

చిత్తూరు,
28 జూన్ 2003

తమ్ముడు మునిచంద్రకు,

గురప్ప చెమటతో తడిసిన మెమో తెచ్చి ఇచ్చాడు. నిన్న నేనే నవీనను వెంటబెట్టుకుని తిరుపతి పోయి వచ్చాను. సీటు వచ్చింది. కెమిస్ట్రీయే. బుధవారం హాస్టల్లో చేరుతుంది. దేవకమ్మ కాణిపాకం బస్టాండులో ఎదురుచూస్తూ ఉంది. కూతురు దిగగానే చెప్పిన మాట విన్నది. అంగట్లోకి పోయి అందరికీ కాఫీ పోసింది. నా బల్ల మీది పొట్లం ఈ రోజు విప్పాను. పొడి బాగుంది, కెఫీన్‌తో సహా.

నీ చైర్మన్ దయ గురించి ఒక మాట. ర్యాంకులను ఎవరూ తిరిగి లెక్కగట్టలేదు కాబట్టి 304 రాసిన మా ఇద్దరు మహానుభావులూ ఈ రోజుకీ బ్రాంచిలో ఫస్టూ, సెకండూ. చూశావా, నేను చెప్పలేదా బాగుపడతారని. కుప్పయ్య గారు ఆ ఆజ్ఞను నోటీసు బోర్డుకు పెట్టించి, "రెండూ కరెక్టే అంటుండారు గదా మేడమ్, ఇంక గొడవేముండాది?" అన్నాడు. రేపు ఏదైనా జబ్బు చేస్తే ఒంటి వేడి ముప్పై ఏడు డిగ్రీలైనా, మూడువందల పది డిగ్రీలైనా ఒకటే అని చెప్పే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను.

నువ్వు ఉత్తరం చించేసి ఉంటే నీతో నేను ఇంకెప్పుడూ మాట్లాడేదాన్ని కాదు. చించలేదు. నీ పదవి పోయినందుకు నాకు బాధగా లేదు. నువ్వు కీలో మొదట 31 రాశావని తెలిసినందుకు మాత్రం బాధగా ఉంది. తెలియక చేశావనుకున్నన్నాళ్ళూ నిన్ను వెనకేసుకురావడం సులువుగా ఉండేది. క్షమించానా లేదా అని నువ్వు అడగలేదు, నేనూ చెప్పను. చెప్పే హక్కు నాకంటే ఎక్కువగా ఉన్న మనిషి వేరే ఉంది.

నిన్న తిరుగు బస్సులో చంద్రగిరి దాటాక నవీన నాతో అంది. "మార్కులు వచ్చినాయి మేడమ్, సీటూ వచ్చినాది. అమ్మ సంతోషపడతాది. కానీ 304 రాసినోళ్ళకీ పది, నాకూ పది. అయితే నేను రాసింది నిజమని ఎవురూ అనలేదు గదా."

ఇక్కడ నీకు గది లేదు, నా బల్లకు అవతలివైపు కుర్చీ వేయించాను. సింకు గొట్టం కింద ఒక తొట్టి పెట్టించాలి, కడిగిన ఆమ్లానికి సున్నం కలిపిన తరువాతే కాలువలోకి వదిలేటట్టు. ఆ పని నీది. సిలిండరు ఇప్పుడు చప్పుడు చేయదు, జనవరి పొద్దున దాకా ఆగాలి. కానీ మాది నిండుగా ఉంది, అనుమానం పెట్టుకోకు.

సోమవారం పది గంటలకు కొత్త బ్యాచికి మొదటి క్లాసు నీకే వేశాను. హరిత రసాయన శాస్త్రం, పద్నాలుగో పేజీ. హాస్టలుకు పోయేలోపు ఒకసారి క్లాసులో కూర్చుంటానని నవీన అడిగింది, రమ్మన్నాను. మొదటి బెంచీలో, ఎప్పుడూ కూర్చునే చోటే ఉంటుంది. గైడ్ తెచ్చుకో. అందరి ముందూ ఆ పేజీ తెరిచి, నీ అంకెను నీ చేత్తో కొట్టేసి, బోర్డు మీద ముప్పై ఒకటి అని రాయి. ఎవరు పట్టుకున్నారో ఆ పిల్ల పేరు కూడా చెప్పు. నవీన కూర్చోమన్నాక కూర్చో.

ఏడున్నర బస్సు ఎక్కు. ఆలస్యం చేయకు.

అక్క,
స్టెల్లా